రెండు విహారాల మధ్య ఒక తల్లి: ఒక కౌన్సెలింగ్ కేసు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న పట్నంలో నేను కుటుంబ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, ఆఫీసుల్లో హిందీ మాట్లాడే కుటుంబాలే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. మతం విషయంలో ఇల్లు చీలినప్పుడు అందరూ కౌన్సెలర్‌ని తీర్పరిగా కూర్చోబెట్టాలని చూస్తారు. ఆ కుర్చీలో కూర్చోకుండా ఏం చెయ్యవచ్చో ఈ కేసు నాకు బాగా చూపించింది, అందుకే రాస్తున్నాను. ఆ ఇంటివాళ్ళ అనుమతి ఉంది. ఊరు, వయసులు, వృత్తులు, కొన్ని సంఘటనల వరుస మార్చాను. పేర్లు ఎక్కడా పెట్టలేదు.

నేపథ్యం

ఇక్కడి రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో ఇటు వచ్చి చేరింది. హద్దు మారినా పెళ్ళి సంబంధాలు ఆగలేదు. ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపు నుంచి ఇప్పటికీ కోడళ్ళు ఇటు వస్తారు, ఇటు ఆడపిల్లలు అటు వెళ్తారు. అదే 1956లో, అక్టోబర్ 14న నాగపూర్‌లోనూ, 16న చంద్రపూర్‌లోనూ బాబాసాహెబ్ అంబేడ్కర్ బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఈ కేసులోని తల్లికి మామ (భర్త తండ్రి) అప్పటికి పడుచువాడు. చంద్రపూర్‌లో దీక్ష తీసుకున్న జనంలో ఆయనా ఉన్నారు. తర్వాత బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు లేరు.

ఆ ఇంటి ముందు గదిలో బుద్ధుడు, బాబాసాహెబ్ పటాలు ఉంటాయి. పెరట్లో వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది, పోచమ్మ. అది అత్త పెట్టుకున్నది. మామ ఆ రాయికి ఏనాడూ దండం పెట్టలేదు. దాన్ని తీసెయ్యమనీ అనలేదు. కోడలిగా వచ్చిన ఈమె కూడా తెలంగాణ వైపు పల్లె పిల్ల, ఏటేటా బోనమెత్తే ఇంట్లో పుట్టింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని భర్తతో విహారానికి, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరానికి, వెళ్ళేది. మంగళవారం అత్తతో కలిసి వేపచెట్టు దగ్గర నీళ్ళు చల్లేది. ఇరవై ఏళ్ళకు పైగా ఇలాగే నడిచింది. అత్త పోయాక ఆ రాయి బాధ్యత ఈమె మీద పడింది.

ఈ రెండు పడవల ప్రయాణాన్ని ఇప్పటి పిల్లలు తేలిగ్గా తప్పు పడతారు. కానీ పాత తరానికి అది అవసరంగా వచ్చింది. 1990లో చట్టం మారేదాకా కేంద్రం లెక్కలో ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు మాత్రమే ఉండేది. బౌద్ధులమని కాగితం మీద రాస్తే పిల్లల ఉద్యోగాలకు అడ్డం వచ్చేది. అందుకని చాలా ఇళ్ళు కాగితం మీద ఒకటి, గుండెలో ఒకటి పెట్టుకుని బతికాయి. ఆ అలవాటులో పెరిగినవాళ్ళకు పెరట్లో రాయి, గదిలో బుద్ధుడు ఒకదానికొకటి ఎదురు నిలబడ్డట్టు కనిపించలేదు.

చీలిక వచ్చింది విహారంలో. చదువుకున్న కుర్రాళ్ళు కొందరు కమిటీలోకి వచ్చి ఒక సూటి ప్రశ్న వేశారు: దీక్షప్పుడు బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మూడోది గౌరి, గణపతి మొదలైన హిందూ దేవతలను కొలవనని చెబుతుంటే, ఇంట్లో అమ్మవారిని పెట్టుకున్నవాళ్ళు కమిటీలో ఎలా ఉంటారు? పెద్దవాళ్ళు నొచ్చుకున్నారు. మాట మీద మాట పెరిగింది. చివరికి కుర్రాళ్ళు ఒక అద్దె హాలులో వేరే బుద్ధ వందన మొదలుపెట్టారు. భర్త పాత కమిటీలో సభ్యుడు. డిగ్రీ చదివే కొడుకు కొత్త వాళ్ళతో వెళ్ళాడు.

ఆషాఢంలో ఒకరోజు తల్లి ఇంట్లో లేనప్పుడు కొడుకు ఆ రాయిని పెకిలించి తీసుకెళ్ళి వార్ధా నదిలో వదిలేశాడు. నెల తిరగకముందే బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. లోపల రాడ్ వెయ్యాల్సి వచ్చింది.

వచ్చిన సమస్య

ఆమెను భర్త తీసుకొచ్చాడు. నిద్ర లేదు, తిండి లేదు, తలనొప్పి, గుండె దడ. అర్ధరాత్రి లేచి కొడుకు ఊపిరి తీస్తున్నాడో లేదో చూసి వస్తుంది. విహారానికి వెళ్ళడం మానేసింది. వేపచెట్టు వైపూ వెళ్ళడం లేదు. "రాయి తీసేస్తే యాక్సిడెంట్ అవుతుందా మేడం? మీరైనా ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి" అన్నాడు భర్త. తర్వాత ఫోన్ చేసిన ఆమె అన్న ఇంకోలా చెప్పాడు: "అమ్మవారి విషయం మీకు తెలియనిది కాదు. బావకు మీరే సర్ది చెప్పాలి." కొడుకైతే నన్ను అనుమానంగానే చూశాడు. తనది తప్పని ఒప్పించడానికే పిలిపించానని అనుకున్నాడు.

ఆమె మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఆమె నోట వచ్చిన మాట ఇది: "నాకు అటూ దిక్కు లేదు, ఇటూ దిక్కు లేదు మేడం. మొక్కుదామంటే చెయ్యి లేవడం లేదు. వందన చేద్దామంటే నోరు రావడం లేదు."

మొదటి నిర్ణయం

మతం జోలికి వెళ్ళకముందే ఒంటి సంగతి తేల్చుకోవాలనుకున్నాను. ఇన్ని రోజులు నిద్రలేని మనిషికి ఏ మాటా లోపలికి దిగదు. గుండె దడకు థైరాయిడ్, రక్తహీనత, బీపీ ఏదైనా కారణం కావచ్చు. నలభై దాటిన ఆడవాళ్ళలో వీటిని "టెన్షన్" అని కొట్టిపారేయడం చాలా ఇళ్ళలో జరుగుతుంది, నాకు దాని మీద కోపం ఉంది. పరీక్షలు చేయించాం. కొంచెం రక్తం తక్కువగా ఉందని తేలింది, మందులు ఇచ్చారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. అలా జరగదు. అడగనప్పుడే మనిషి దాన్ని ఒంటరిగా మోస్తాడు. "చావాలని లేదు, ఉండాలనీ లేదు" అంది. ఆ జవాబు విన్నాక ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యుల దగ్గరికి పంపాను. రాత్రి ఎవరో ఒకరు ఆమెతో ఒకే గదిలో పడుకోవాలని ఇంట్లో ఒప్పందం చేశాను. ఎప్పుడైనా చెయ్యి దాటేలా ఉంటే ఫోన్ చెయ్యడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 రాసిచ్చాను.

రెండో నిర్ణయం, రాయికీ యాక్సిడెంట్‌కూ సంబంధం ఉందా లేదా అన్నదాని మీద నేను నోరు విప్పకూడదన్నది. నాకంటూ ఒక అభిప్రాయం ఉంది. కానీ దాన్ని బయటపెట్టిన క్షణం నేను ఆ ఇంట్లో నాలుగో పక్షం అయిపోతాను. ఆమెకు తెలివి చెప్పేవాళ్ళు అప్పటికే చాలామంది ఉన్నారు.

ప్రయత్నించినవి, పని చెయ్యనివి

ముందు ఇంట్లో రోజూ జరిగే వాదన ఆపాలి. అందరినీ కలిపి కూర్చోబెట్టి ఒక ఒప్పందం రాయించాం. ఈ ఇంట్లో మళ్ళీ రాయి పెట్టరు. ఆమె పుట్టింటి ఊళ్ళో పోచమ్మ గుడికి వెళ్ళాలనుకుంటే ఎవరూ అడ్డుకోరు. కొడుకు ఆ విషయం విహారంలో ఎత్తడు. నా ఆలోచన ఏమిటంటే, రోజూ మంట రేగుతున్న ఇంట్లో ముందు కొంత నిశ్శబ్దం కావాలి, లోతు సంగతులు తర్వాత చూడవచ్చు.

వాదన ఆగింది, ఆమె పరిస్థితి మారలేదు. ఆ ఒప్పందం రాయి ఎక్కడ ఉండాలో తేల్చింది. ఆమెను ఎవరూ అడగకుండా తీసుకెళ్ళారన్న అవమానాన్ని ముట్టుకోలేదు, కొడుకు మీద భయాన్నీ ముట్టుకోలేదు. పైగా మగవాళ్ళంతా ఎదురుగా కూర్చున్నప్పుడు ఆమె "సరే" అనడానికి విలువ ఎంత? కొన్నాళ్ళకు ఆ కాగితం సంగతి ఎలాగో బయటికి పొక్కింది. "చూడండి, ఆ ఇంట్లో ఇంకా పోచమ్మ ఉంది" అని కొత్తవాళ్ళు పాత కమిటీని ఎత్తిపొడవడానికి పనికొచ్చింది.

తర్వాత భర్త కోరిక మీద పాత విహారంలోని ఒక పెద్దాయన ఇంటికి వచ్చి ఆమెతో మాట్లాడారు. నిజంగా మంచి మనిషి, చదువుకున్నవాడు. కారణం లేకుండా ఏదీ జరగదని, రోడ్డు మీద కంకర ఉండటమే ఆ యాక్సిడెంట్‌కు కారణమని ఓపికగా వివరించారు. ఆమె తల వంచుకుని విని, టీ పెట్టి ఇచ్చింది. తర్వాత నాతో అంది: "ఆయన చెప్పిందంతా నిజమే. కానీ వాడు పడ్డ రోజు నుంచి నా కడుపులో తిరుగుతున్నది కంకర గురించి కాదు కదా మేడం." భయంతో ఉన్న మనిషికి జవాబు ఎంత సరైనదైనా, ఆ ప్రశ్న ఆమె వేసినది కాకపోతే ఉపయోగం లేదు.

ఈలోగా ఆమె అన్న తన దారి తను చూసుకున్నాడు. పుట్టింటి ఊళ్ళో శాంతి చేయించాలని, మేకపోతును కొయ్యాలని నిర్ణయించాడు. చేయించే మనిషి అడిగిన డబ్బు ఆ ఇంటి స్తోమతకు చాలా ఎక్కువ. "చెయ్యకపోతే పిల్లాడి ప్రాణానికే" అని కూడా అన్నాడట. ఈ మాట కొడుకు స్నేహితుల చెవిన పడి పోలీసు కేసు పెడతామన్నారు. ఇక్కడ నేను చట్టం సంగతి స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది. అతీత శక్తుల పేరుతో భయపెట్టి మోసం చేసి డబ్బు గుంజడం 2013 నాటి మహారాష్ట్ర చట్టం పరిధిలోకి వస్తుంది. కానీ ఊరు తెలంగాణలో ఉంది, అక్కడికి ఈ చట్టం వర్తించదు. పైగా ఎవరికీ హాని లేకుండా తన ఇంట్లో తను దీపం పెట్టుకునే మనిషి మీద ఆ చట్టం లేదు. డబ్బు ఇవ్వవద్దని అన్నకూ, తల్లిని బోనులో నిలబెట్టవద్దని కుర్రాళ్ళకూ విడివిడిగా చెప్పాను. ఆ మనిషిని పక్కన పెట్టారు. మొక్కు మాత్రం అన్నే తీర్చాడు, ఏట (బలి) జరిగింది. ఆమె వెళ్ళి వచ్చింది.

ఆమె వెళ్తానన్నప్పుడు నేను ఆపలేదు. ఆమె దుఃఖానికి ఒక రూపం దొరకవచ్చని అనుకున్నాను. నిజానికి వచ్చాక మూడు నాలుగు రోజులు బాగానే నిద్రపోయింది. ఆ తర్వాత ముందుకంటే ఎక్కువ కుంగిపోయింది.

దారి దొరికిన చోటు

ఎందుకు కుంగిపోయిందో అర్థం చేసుకోవడంలోనే ఈ కేసు మలుపు తిరిగింది. అమ్మవారు శాంతించలేదన్న భయం వల్లేనని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేను వేరే ఏమీ అనుకోకుండా, ఆ రోజు ఊళ్ళో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాను. పొద్దున లేవడం, బియ్యం కడగడం, కుండకు పసుపు రాయడం, వేపకొమ్మలు కట్టడం. బోనం ఎత్తుకుని నడిచినంతసేపూ హాయిగా ఉందని చెప్పింది. తన తల్లి పక్కనే నడుస్తున్నట్టు అనిపించిందట. మేకపోతును తెచ్చాక ఆమె మాట ఆగిపోయింది. కాసేపటికి అంది: "నేను దాని మొహం చూడలేకపోయాను మేడం. ఇన్నేళ్ళూ ఆదివారం ఆదివారం పాణాతిపాతా వేరమణీ అని నోటితో అన్నదాన్ని కదా. నా కొడుకు ప్రాణం కోసం ఇంకో ప్రాణం తీయించాను."

ప్రాణం తీయనన్నది పంచశీలలో మొదటిది. పాలీలో ఉన్న ఆ మాటలను ఆమె భర్త వెంట వచ్చి, అందరితో పాటు అప్పజెప్పేదని భర్త అనుకున్నాడు, కొడుకు అనుకున్నాడు, చివరికి ఆమె కూడా అలాగే అనుకుంది. కానీ అవి లోపలికి వెళ్ళి కూర్చున్నాయి. "నాకు ఎవరి మీదా నమ్మకం లేదు" అంటున్న మనిషికి, కొయ్యబోయే మేకపోతు ముందు నిలబడి సహించలేని మనసు ఉంది. ఆ మనసు ఏ కమిటీ చెబితేనో వచ్చింది కాదు.

అక్కడి నుంచి నా పని మారింది. ఆమె ఏ పక్షంలో ఉండాలో అడగడం పూర్తిగా మానేసి, ఆమెకు ఏది బరువుగా ఉంది, ఏది హాయిగా ఉంది అని మాత్రమే అడుగుతూ వచ్చాను. బోనం ఎత్తడంలో హాయి ఉంది, ఎందుకంటే అందులో తల్లి ఉంది, అత్త ఉంది. రక్తంలో బరువు ఉంది. విహారంలో తెల్లచీరల మధ్య కూర్చోవడంలో హాయి ఉంది, కానీ ఎవరు ఎవరి పక్షమో లెక్కపెట్టే చూపుల మధ్య కూర్చోవడం బరువు. అమ్మవారి కోపం కంటే ఎక్కువగా ఆమెను తింటున్నది ఇంకొకటి ఉంది. కొడుకు మీద తనకు వచ్చిన కోపం. వాడు రాయి తీసేశాడని తెలిసిన రోజు నోరు జారి "నీకు పుట్టగతులుండవు" అని తిట్టింది. నెలలోపు వాడు పడ్డాడు. అన్ని రోజులూ ఆమె మోసింది ఈ మాటను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కొడుకుతో

తల్లీకొడుకులను ఎదురెదురుగా కూర్చోబెట్టే ముందు కొడుకుతో విడిగా మాట్లాడాను. కోపం వెనక ఏముందో తెలియకుండా ఇద్దరినీ కలిపితే అది ఇంకో పంచాయితీ అవుతుంది. వాడు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. హాస్టల్లో ఒకడు ఇంటి పేరు అడిగి కులం తెలుసుకుని పళ్ళెం పక్కకు జరిపాడు. ఆ రాత్రి ప్రతిజ్ఞలు చదువుకున్నాడట. తన తాత ఏ దేవతల నీడలో అంటరానివాడిగా బతికాడో ఆ దేవతలను వదిలేశాడు, తన ఇంట్లో మళ్ళీ వాళ్ళనెందుకు పెట్టాలి? వాడికి ఆ మూడో ప్రతిజ్ఞ ఆత్మగౌరవం. దాన్ని కుర్రతనం కింద తీసిపారేస్తే వాడు ఎప్పటికీ తిరిగి రాడు. నేనూ అలా చూడలేదు.

అందుకే వాడి నమ్మకం గురించి ఏమీ అడగలేదు. "ఆ రాయి ఎవరిది?" అని మాత్రం అడిగాను. మొదట "ఎవరిదీ కాదు" అన్నాడు. తర్వాత "నానమ్మది" అన్నాడు. కొంచెం ఆగి "అమ్మది" అన్నాడు. అడగకుండా తీసుకెళ్ళడం తప్పని, దానికి మాత్రం క్షమాపణ చెబుతానని తనంతట తనే ఒప్పుకున్నాడు. రాయిని నమ్మనని కూడా చెబుతానన్నాడు. అలాగే చెప్పమన్నాను. ఈ రెండూ విడదీయడం ముఖ్యం. నమ్మకం మార్చుకోమంటే వాడు గోడ కట్టుకుంటాడు. చేసిన పని గురించి అడిగితే దారి ఇస్తాడు.

ఆ రోజు తల్లి తను తిట్టిన మాట సంగతి చెప్పి ఏడ్చింది. "ఏ తిట్టూ ఏమీ చెయ్యదమ్మా" అని వాడు తర్కం అందుకోబోయి ఆగి, "నువ్వు తిట్టావని నాకు గుర్తు కూడా లేదే" అన్నాడు. ఆ వారం నుంచి ఆమె అర్ధరాత్రి లేవడం తగ్గింది.

చదువు

ఆమె ఏడో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివింది. విహారంలో ప్రసంగాలు, పుస్తకాలు అన్నీ మరాఠీలో ఉంటాయి. బజారు మరాఠీ ఆమెకు బాగా వచ్చు, ధమ్మ ప్రసంగాల గ్రాంథిక మరాఠీ అంతగా అందదు. ఆషాఢ పున్నమి నుంచి ఆశ్వయుజ పున్నమి దాకా వర్షావాసంలో ఈ వైపు విహారాల్లో రోజూ గ్రంథ పఠనం జరుగుతుంది. ఇన్నేళ్ళూ ఆమె అందులో చివరి వరసలో కూర్చుని లేచి వచ్చేది. తెలుగులో చదువుకుంటారా అని అడిగాను, ఆమె ఇష్టపడితేనే అని రెండుసార్లు చెప్పాను. పుస్తకాలు తెప్పించింది కొడుకు.

మైత్రి గురించి బుద్ధుడు చెప్పిన మెత్త సుత్తం దగ్గర ఆమె ఆగిపోయింది. తల్లి తన ఒక్కగానొక్క కొడుకును ప్రాణమిచ్చి ఎలా కాపాడుకుంటుందో, అలాంటి మనసును సకల ప్రాణుల మీదా పెంచుకోవాలని అందులో ఉంది. విహారంలో చాలాసార్లు విన్నదే. "ఇది నా గురించే చెప్పినట్టు ఉంది. ఆ మేకపోతుకు కూడా తల్లి ఉంటుంది కదా" అంది. దానికి నేనేమీ వ్యాఖ్యానం చెప్పలేదు. ఆమె ఆ పేజీని కాపీ రాసుకుంది.

మళ్ళీ ఆషాఢం వచ్చినప్పుడు పుట్టింటికి వెళ్ళి బోనం ఎత్తింది. ఏట వద్దని అన్నకు ముందే చెప్పింది. ఊళ్ళో కొందరు ముఖం చిట్లించారు. తిరిగి వచ్చి పున్నమి నాడు తెల్లచీర కట్టుకుని విహారానికి వెళ్ళింది. ప్రతిజ్ఞల ప్రకారం చూస్తే బోనం ఎత్తడం సరికాదని కొడుకు ఇప్పటికీ అంటాడు, ప్రతిజ్ఞలో ఉన్న మాట అదే. అది ఆమెకూ తెలుసు. "నాకు శీలం తెలిసింది. మా అమ్మను ఇంకా వదల్లేను. వదిలేటప్పుడు నేనే వదులుతాను" అని వాడికి చెప్పింది. అంతకుముందు ఆ ఇంట్లో ఆమె తన నమ్మకం గురించి "నేను" అని మొదలుపెట్టి మాట్లాడటం ఎవరూ వినలేదు.

ఇలాంటి కేసులు చూసేవాళ్ళకు

ఇంటి గొడవకు వెనక సంఘంలో చీలిక ఉన్నప్పుడు, ఆ చీలికను మనం బాగుచెయ్యలేం, అది మన పని కూడా కాదు. దాని సెగ ఇంట్లో ఎవరి మీద ఎక్కువ పడుతోందో చూడాలి. ఎక్కువగా అది ఇంటి ఆడమనిషి మీద పడుతుంది, ఎందుకంటే పండగ వంట ఆమెది, పసుపు ఆమెది, తెల్లచీర కూడా ఆమెదే. ఎవరి పక్షం గెలిచినా ఆమె ఇంట్లో ఏదో ఒకటి తీసెయ్యాలి.

నమ్మకం పోయిందని ఎవరైనా అంటే, అది నిజంగా పోయిందా, లేక నమ్మకాన్ని బయటికి చెబితే మనుషులు పోతారన్న భయంతో మూగబోయిందా అని నేను ముందు చూస్తాను. ఈ రెండింటికీ చెయ్యాల్సిన పని వేరు. మనిషికి ఏది సహించలేనంతగా నొప్పి కలిగించిందో వివరంగా చెప్పించుకుంటే, వాళ్ళ శ్రద్ధ ఎక్కడ ఉందో చాలావరకు అక్కడే తెలుస్తుంది. శాంతులు, మొక్కుల విషయంలో డబ్బు గుంజే బెదిరింపు ఉంటే మాత్రం మొహమాటం లేకుండా అడ్డుపడాలి. మందులను, వైద్యుణ్ణి ఏ నమ్మకంతోనూ బేరం పెట్టనివ్వకూడదు.

ఇప్పటి పరిస్థితి

వైద్యుల సలహాతో నిద్ర మందు మెల్లగా తగ్గించి ఆపేశారు. కొడుకు కర్ర లేకుండా నడుస్తున్నాడు. భర్త కమిటీ నుంచి తప్పుకున్నాడు, విహారానికి వెళ్ళడం మానలేదు. వేపచెట్టు కింద మళ్ళీ రాయి పెట్టలేదు, ఆమె అడగలేదు కూడా. రెండు విహారాలూ విడివిడిగానే నడుస్తున్నాయి. ఆదివారం వందన తర్వాత ఒక గంట ఆడవాళ్ళం తెలుగులో చదువుకుంటాం, హాలు ఇవ్వండి అని ఆమె మరికొందరితో కలిసి రెండు కమిటీలకూ అర్జీ పెట్టింది. కొత్త కమిటీ ముందు ఒప్పుకుంది. పాత కమిటీ ఇంకా జవాబు చెప్పలేదు.